పాలకొల్లు మాండలిన్, ఆగని గిటార్



ఈ పూట ఒక్క ఆల్బమ్ గురించే మాట్లాడదామనుకుంటున్నాను. దాని పేరు 'డ్రీమ్'. 1995లో ఇంగ్లండు నుంచి రియల్ వరల్డ్ అనే సంస్థ విడుదల చేసింది. అట్ట మీద ఇద్దరి పేర్లుంటాయి. ఒకాయన మైకేల్ బ్రూక్, కెనడా దేశపు గిటారిస్టు. రెండో పేరు యు. శ్రీనివాస్. ఆ యు అంటే ఉప్పలపు, పుట్టిన ఊరు పాలకొల్లు. అవునండి, మన మాండలిన్ శ్రీనివాసే.

మాది కామవరపుకోట, ఏలూరు జిల్లా మెట్ట ప్రాంతం. అక్కణ్ణుంచి తాడేపల్లిగూడెం మీదుగా భీమవరం, ఆపైన పాలకొల్లు. ఎర్రమట్టీ ఆయిల్ పామ్ తోటలూ వెనకబడి కాలువలూ వరిచేలూ మొదలయ్యేదాకా ఏ ఊళ్లో ఆగి అడిగినా శ్రీనివాస్ పేరు తెలిసినవాళ్లు దొరుకుతారు. తొంభైల్లో గుడి మైకులో ఆయనే, పెళ్లి పందిట్లో ఆయనే. కాని 'డ్రీమ్' విన్నారా అని అడగండి. "ఆ, అదేదో ఫ్యూజనంట కదండీ" అని నవ్వి ఊరుకుంటారు.

ఆ నవ్వులో కొంచెం చిన్నచూపు ఉంది. దానికి కారణం లేకపోలేదు. ఫ్యూజన్ అనగానే మనకు గుర్తొచ్చేది ఏమిటి? వేదికకి ఒక పక్క డ్రమ్ములు, ఇంకో పక్క మృదంగం. వాళ్లో ముక్క, వీళ్లో ముక్క. ముక్కలు పొట్టివవుతూ, వేగం పెరుగుతూ, చివరికి అందరూ ఒకేసారి వాయించేసి ముగిస్తే చప్పట్లు. అందులో సరదా ఉంది, కాదనను. కాని ఒకసారి చూశాక రెండోసారి చూడబుద్ధి కాదు. 'డ్రీమ్' ఆ బాపతు కాదు. అది పుట్టిన కుటుంబమే వేరు. ఆ కుటుంబం గురించి కాస్త చెప్పాక శ్రీనివాస్ దగ్గరికి వస్తాను.

1994లో సైమన్ రేనాల్డ్స్ అనే ఇంగ్లీషు విమర్శకుడు, బార్క్ సైకోసిస్ అనే బృందం తెచ్చిన 'హెక్స్' ఆల్బమ్‌ను సమీక్షిస్తూ 'పోస్ట్ రాక్' అన్నాడు. తర్వాత అదే ఏడాది 'ది వైర్' పత్రికలో దాన్ని విడమరిచి రాశాడు. స్థూలంగా సంగతి ఇది. వాద్యాలు రాక్ బృందం వాడేవే: గిటార్, బేస్, డ్రమ్ములు. వాటితో చేసే పని మాత్రం రాక్ కాదు. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి అనే కట్టడం పోయింది. గాయకుడు ముందుకొచ్చి నిలబడడు. చాలాసార్లు అసలు గాయకుడే ఉండడు. గిటార్ వరస వాయించడం తగ్గించి, ఒక ధ్వనిని పరుచుకుంటూ పోతుంది. నాలుగైదు స్వరాల చిన్న గుంపు పది నిమిషాలపాటు అదే పనిగా తిరుగుతూ ఉంటుంది. దాని మీద ఒక్కో పొర వచ్చి చేరుతుంది. అది పెరిగి పెరిగి ఒకచోట విరుచుకుపడుతుంది, లేదా పడకుండానే సద్దుమణుగుతుంది.

ఆ పేరు పుట్టకముందే ఆ పని చేసినవాళ్లున్నారు. ఇంగ్లండులో టాక్ టాక్ అనే బృందం పాప్ పాటలతో బాగా డబ్బు చేసుకుంది. వాళ్లు 1988లో ఉన్నట్టుండి 'స్పిరిట్ ఆఫ్ ఈడెన్' అనే ఆల్బమ్ తెచ్చారు. రేడియోలో వేసుకోవడానికి పనికొచ్చే మూడు నిమిషాల పాట అందులో వెతుక్కోవాల్సిందే. కంపెనీవాళ్లు తల పట్టుకున్నారు. ఇప్పుడేమో అదొక గొప్ప రికార్డని అందరూ అంటున్నారు. ఇలాంటి కథలు సంగీతంలో మామూలే కాబట్టి దీని దగ్గర ఆగను.

ఇక చాంబర్ మ్యూజిక్. ఐరోపాలో ప్రభువుల ఇళ్లలో, గదిలో కూర్చుని నలుగురైదుగురు వాయించుకునే సంగీతం. కర్ర ఊపే నాయకుడు ఉండడు. ఒక్కో భాగానికి ఒక్కరే, ఎవరి తప్పు వాళ్లదే. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో కలిస్తే స్ట్రింగ్ క్వార్టెట్. నలుగురూ పక్కవాళ్ల చేతివంక, విల్లువంక చూస్తూ, ఊపిరి తీసుకునే చోటు కూడా కలుపుకుంటారు. ఇది మనకు తెలియనిది కాదు. మన కచేరీ అసలు జాతి అదే. గాత్రం, వయొలిన్, మృదంగం, వెనక తంబూరా. వినేవాళ్లు ఒక హాలుకు సరిపడా. మైకులూ పెద్ద పందిళ్లూ వచ్చాకే అది వేల మంది వ్యవహారం అయింది.

ఇక్కడ ఒక పక్కమాట చెప్పుకోవాలి, రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి. తెలుగువాడి చెవికి గది సంగీతం మప్పింది ఆకాశవాణే. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు పెంచి పోషించిన లలిత సంగీతం ఎలా ఉండేదో పెద్దవాళ్లకు గుర్తే. చిన్న స్టూడియో. ఒక వీణ, ఒక వేణువు, వయొలిన్, తబలా. గాయకులు మైకుకు దగ్గరగా నిలబడి గొంతు తగ్గించి పాడేవాళ్లు. హాలు చివరి వరసకు వినిపించాలన్న తాపత్రయం లేదు. వినేవాడు ఆ గదిలోనే ఉన్నట్టు. ద్రాక్షారామం వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి గారు ఢిల్లీ ఆకాశవాణిలో వాద్యబృందానికి రచనలు చేశారు. కాకినాడ చిట్టిబాబు గారు వీణ మీద కోయిలనే కూయించారు. ఇవన్నీ విని పెరిగినవాళ్లకు ఒక వాద్యం పాట లేకుండా, మాట లేకుండా ఒక దృశ్యాన్ని చూపించడం వింత కాదు. కాబట్టి పోస్ట్ రాక్ మనకు బొత్తిగా పరాయిదని ఎవరన్నా నేను ఒప్పుకోను.

తొంభైల నడుమ ఈ రెండూ, అంటే గది సంగీతమూ ఈ కొత్తరకం రాకూ, కలవడం మొదలైంది. అమెరికాలో కెంటకీ రాష్ట్రపు లూయీవిల్ పట్టణం నుంచి రేచెల్స్ అనే బృందం 1995లో 'హ్యాండ్‌రైటింగ్' తెచ్చింది. పియానో, వయోలా, చెల్లో పక్కన గిటార్ కూర్చుంది. మరుసటి ఏడు 'మ్యూజిక్ ఫర్ ఈగాన్ షీలే' అనే ఆల్బమ్‌లో గిటార్ కూడా లేచిపోయి పియానో, వయోలా, చెల్లో మిగిలాయి. మాంట్రియల్‌లో గాడ్‌స్పీడ్ యు బ్లాక్ ఎంపరర్ అనే పెద్ద బృందంలో వయొలిన్, చెల్లో వాళ్లున్నారు. ఐస్‌లాండు సిగుర్ రోస్ బృందం వెంట అమీనా అనే నలుగురమ్మాయిల క్వార్టెట్ తిరిగింది.

'డ్రీమ్' వచ్చింది కూడా 1995లోనే. దాని అట్ట మీద పోస్ట్ రాక్ అని ఎవరూ రాయలేదు. రియల్ వరల్డ్ అనేది ఇంగ్లీషు గాయకుడు పీటర్ గేబ్రియల్ పెట్టిన సంస్థ. ఆసియా, ఆఫ్రికా సంగీతాలను పశ్చిమానికి చేరవేయడం దాని పని. అందుకని దుకాణాల్లో 'డ్రీమ్' ప్రపంచ సంగీతం అరలోకి వెళ్లిపోయింది. ఆ అరలో భారతదేశం పక్కన సెనెగల్, సెనెగల్ పక్కన హంగరీ. అక్కడ కూర్చున్న రికార్డును రాక్ వినేవాడు తీయడు. కర్ణాటక సంగీతం వినేవాడికి ఆ దుకాణమే తెలియదు. దానికి ఈ చుట్టరికం కలుపుతున్నది నేను. ఎందుకు కలుపుతున్నానో చెప్పాలంటే మాండలిన్ గురించి చెప్పాలి.

మాండలిన్ ఇటలీ వాద్యం. ఎనిమిది తీగలు, జంటలుగా నాలుగు. వయొలిన్‌కు ఎలా శ్రుతి చేస్తారో దీనికీ అలాగే. కాని వయొలిన్‌కు విల్లుంది, దీనికి లేదు. మీటగానే టింగుమని పుట్టి, అర సెకనులో సన్నబడి, పోతుంది. స్వరాన్ని నిలబెట్టాలంటే పశ్చిమం వాళ్లకున్న దారి ఒక్కటే, అదే తీగను గబగబా మళ్లీ మళ్లీ మీటడం. మన పాత సినిమా పాటల్లో మాండలిన్ అంటే ఆ వణుకే. చెవికి ఇంపుగానే ఉంటుంది. కాని దాంతో తోడి రాగం వాయించమంటే? తోడిలో గాంధారం ఒకచోట నిలబడే స్వరం కాదు. ఊగాలి. రిషభం వైపు వంగి, మధ్యమం అంచు తాకి, మళ్లీ రావాలి. మెట్లున్న వాద్యం మీద, పుట్టగానే చచ్చిపోయే నాదంతో, జంట తీగల్ని రెంటినీ ఒకే కొలతలో లాగుతూ ఆ ఊపు ఎక్కణ్ణుంచి తెస్తారు? అందుకే కర్ణాటక సంగీతంలోకి మాండలిన్ వస్తుందని ఎవరూ అనుకోలేదు.

తెచ్చినవాడు పాలకొల్లు కుర్రవాడు. 1969 ఫిబ్రవరి 28న పుట్టాడు. తండ్రి సత్యనారాయణ గారిది సంగీతం తెలిసిన ఇల్లు. ఆయన మాండలిన్ పసివాడి చేతికి చిక్కింది. తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారు కుర్రవాడి చెయ్యి చూసి, శిష్యుడిగా తీసుకున్నారు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాత్ర విద్వాంసులు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఇది చాలా పెద్ద సంగతండి. ఆయన పాడేవారు, వీడు వాయించేవాడు. వేళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పే గురువు లేడు. గొంతు ఏం చేస్తోందో అది తీగ మీద రావాలి, ఎలా వస్తుందన్నది కుర్రవాడి బాధ. మాండలిన్ వచ్చిన గురువు దొరికి ఉంటే ఆయన పరిమితులు కూడా శిష్యుడికి వచ్చేవేమో. వాసూరావు గారనే గిటారిస్టు పాశ్చాత్య సంగీతం రుచి చూపించారు. అదీ ఆ వయసులోనే.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ. వయసు తొమ్మిది. 1981లో మద్రాసు డిసెంబరు సీజన్లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, అప్పటికి పద్నాలుగు. ఈ తేదీలు చాలామందికి కంఠోపాఠమే. బాలమేధావి అన్న మాటతో ఆయన్ను కట్టిపడేసి, ఆ వేళ్లు చేసిన అసలు పనిని మనం సరిగ్గా గమనించలేదని నా ఫిర్యాదు.

ఆ పని ఇది. జంట తీగల్ని తీసేసి ఒంటి తీగలు వేశాడు. ఐదో తీగ చేర్చి మంద్రానికి చోటు చేశాడు. డొల్ల మాండలిన్‌కు బదులు గట్టి చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. చూడ్డానికి చిన్నపిల్లల గిటార్‌లా ఉంటుంది. గట్టి చెక్క తీగ శక్తిని తొందరగా తాగేయదు. పికప్పూ యాంప్లిఫైయరూ మిగిలిన సన్నటి నాదాన్ని కూడా పెద్దది చేసి చూపిస్తాయి. అంటే స్వరం ఇంకో సెకను బతికింది. ఆ సెకనులోనే ఆయన జారు, కంపితం, లాగుడు అన్నీ ఇమిడ్చాడు. ఒక్కసారి మీటి మూడు నాలుగు స్వరాలు పలికించగలిగాడు. ఆయన కచేరీలో వేగం చూసి జనం చప్పట్లు కొట్టేవారు. నాకైతే ఆలాపనలో ఒక్క పంచమం మీద నిలిచి, నాదం సన్నబడుతూ ఉండగా ఎడమచేతి వేలితో దాన్ని కొసదాకా నడిపించిన క్షణాలే గొప్పవి. స్వరం పోతోందని తెలిసి, పోయేలోగా చెప్పాల్సింది చెప్పేయడం.

ఇప్పుడు రెండో మనిషి. మైకేల్ బ్రూక్ టొరంటో వాడు. ఆయనకు సరిగ్గా ఉల్టా పిచ్చి. స్వరం పోకూడదు. ఎనభైల్లో ఒక గిటార్ తయారుచేసుకున్నాడు, పేరు ఇన్ఫినిట్ గిటార్. దాని కిటుకు చెబుతాను. మామూలు ఎలక్ట్రిక్ గిటార్లో తీగ కదలికను పికప్ కరెంటుగా మారుస్తుంది. బ్రూక్ ఆ కరెంటును పెద్దది చేసి, మళ్లీ అయస్కాంతం ద్వారా తీగకే తిప్పి పంపాడు. తీగ తన శబ్దంతో తానే కదులుతూ ఉంటుంది. ఒకసారి మీటితే మీరు వేలు తీసేదాకా ఆగదు. విల్లు లేని వయొలిన్ అనుకోండి. అలాంటివి మూడే చేశాడంటారు. ఒకటి తనకు, ఒకటి రికార్డు నిర్మాత డేనియల్ లాన్వాకు, ఒకటి యూటూ బృందం గిటారిస్టు ఎడ్జ్‌కు. 1987లో యూటూ పాడిన 'విత్ ఆర్ వితవుట్ యూ' పాటలో వెనక సన్నగా సాగే నాదం దానిదే. వైరింగ్ సరిగ్గా కలపకపోతే పట్టుకున్నవాడికి షాక్ కొట్టేదని కూడా చెప్పుకుంటారు.

బ్రూక్ మొదటి ఆల్బమ్ 'హైబ్రిడ్', 1985. అందులో ఇంగ్లీషు సంగీతకారుడు బ్రయాన్ ఈనో, లాన్వా ఉన్నారు. పాటలు లేవు. మేఘాల్లాంటి ధ్వనులు, వాటి కింద నెమ్మదైన లయ. తర్వాత రియల్ వరల్డ్ కోసం ఖవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్‌తో 'మస్త్ మస్త్' చేశాడు. అంటే భారత ఉపఖండపు గొంతు పక్కన ఎలా ఉండాలో అప్పటికే కొంత నేర్చుకుని ఉన్నాడు. శ్రీనివాస్ కూడా 'డ్రీమ్' ముందు అదే సంస్థకు 'రామ శ్రీరామ' అనే ఆల్బమ్ ఇచ్చాడు. అది నిఖార్సయిన కర్ణాటక సంగీతం, ఏ కలపడమూ లేదు.

ఇలా ఒకరి స్వరం ఆయుష్షు తక్కువ, ఇంకొకరి స్వరానికి చావు లేదు. వీళ్లిద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టారు. 'డ్రీమ్' అంటే అది.

అందులో నాలుగే రచనలు, నాలుగూ పొడవైనవి. పేర్లు ఒక్కో మాట: 'డ్యాన్స్', 'థింక్', 'రన్', 'డ్రీమ్'. కృతి పేరు లేదు, రాగం పేరు లేదు. అతిథులు కొందరు వచ్చారు. కెరొలైన్ లవెల్ చెల్లో, నైజెల్ కెనెడీ తంత్రీవాద్యం, కెనడా గాయని జేన్ సిబెరీ గొంతు. కెనెడీ అంటే వివాల్డీ 'ఫోర్ సీజన్స్' రికార్డు లక్షల్లో అమ్మిన వయొలిన్ వాద్యకారుడు. ఆ పేరు చూసి, అమ్మో, ఇక శ్రీనివాస్‌తో పోటీయే అనుకుంటాం. పోటీ లేదండి. ఆయన ఒక పొరగా ఉండి వెళ్లిపోతాడు. నాకు ఈ ఆల్బమ్ మీద గౌరవం పెరిగింది అక్కడే.

గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ శక్తి బృందం తెలిసినవాళ్లుంటారు. డెబ్భైల్లో ఆయన, ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయక్రమ్ కలిసి చేసింది సంభాషణ. ఒకరు మాట అంటే ఇంకొకరు దానికి మించిన మాట అంటారు. తొంభైల చివర 'రిమెంబర్ శక్తి' పేరుతో ఆ బృందం మళ్లీ లేచినప్పుడు శ్రీనివాస్ అందులో చేరాడు. ప్రపంచమంతా తిరిగాడు. ఆ కచేరీలు అద్భుతం. ఐతే అక్కడ శ్రీనివాస్ బలం ఏది అందరికీ తెలుసో అదే వాడుకున్నారు, అంటే వేగం, తెలివి, చమత్కారం. 'డ్రీమ్'లో ఎవరూ ఎవరికీ జవాబు చెప్పరు. బ్రూక్ గిటార్ ఒక స్వరం పట్టుకుని అక్కడే ఉండిపోతుంది. కొంచెం రంగు మారుతుంది, కొంచెం దగ్గరికొస్తుంది, మళ్లీ వెనక్కి పోతుంది. అది చేస్తున్న పని మనకు బాగా తెలిసిన పని, తంబూరా పని. తేడా ఒక్కటే, ఈ తంబూరా నాలుగు తీగల చుట్టూ తిరగకుండా తనకు తానే ఆలోచించుకుంటూ ఉంటుంది. దాని ముందు మాండలిన్ స్వరం పుట్టి పోతుంటే, పోయిన చోటు ఖాళీగా ఉండదు. ఆ ఆగని నాదం దాన్ని అందుకుంటుంది. కచేరీలో శ్రీనివాస్ ఒక సెకనులో ఇమడ్చాల్సి వచ్చిన దానికి ఇక్కడ ఎంత జాగా కావాలంటే అంత ఉంది. అందుకే ఆయన వాయింపులో తొందర తగ్గింది. ఇరవయ్యారేళ్ల వయసులో, అంత వేగం చేతిలో ఉన్న మనిషి తగ్గి వాయించడం చిన్న విషయం కాదు.

ఈ వాయింపు వింటే నాకు మా దగ్గరి చోటొకటి గుర్తొస్తుంది. మా మండలంలోనే జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి బౌద్ధ గుహలున్నాయి. రెండువేల ఏళ్లు దాటినవి. కొండలో తొలిచిన గుండ్రటి చైత్యం ఒకటుంది. మధ్యలో రాతి స్తూపం, చుట్టూ తిరిగేందుకు సన్నటి దారి, పైన గొడుగులాంటి కప్పు. స్తూపాన్ని ఊరివాళ్లు ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. ఆ కప్పుకు రాతి దూలాలు చెక్కారు. పూరిపాకకు వాసాలు వేసినట్టు అన్నీ వచ్చి నడినెత్తిన కలుస్తాయి. రాతికి వాసాలతో పనేముందండీ? కొండే కప్పైనప్పుడు దాన్ని మోసే దూలం ఎందుకు? ఐనా ఆ శిల్పులకు తెలిసిన ఇల్లు కర్రతో, గడ్డితో కట్టింది. రాయిలోకి వెళ్లినా ఆ ఇంటినే తీసుకెళ్లారు. శ్రీనివాస్ కూడా ఇటలీ వాద్యంలోకి సుబ్బరాజు గారి గొంతును తీసుకెళ్లాడు. మాండలిన్‌కు గమకంతో పనిలేదు, శిలకు వాసంతో పనిలేనట్టే. మనుషులు లేని వేళ ఆ గుండ్రటి గదిలో నిలబడి సన్నగా షడ్జమం పట్టి చూడండి. గోడలు దాన్ని చటుక్కున వదలవు. మీరు ఆపాక కూడా కాసేపు ఉంటుంది. బ్రూక్ తీగ చేసేది కూడా ఆ పనే, కాకపోతే కరెంటుతో.

ఇక లోపాలు చెప్పకుండా పొగిడితే అది ప్రసంగం కాదు, ప్రకటన అవుతుంది. మొదటిది, రాగం. శ్రీనివాస్ ఆలాపన వినడానికి అలవాటుపడిన చెవికి ఇక్కడ అసంతృప్తి తప్పదు. రాగం తలుపు తీస్తాడు, గుమ్మంలో నిలబడతాడు, లోపలికి వెళ్లేలోగా లయ వచ్చి కమ్మేస్తుంది. నెరవు, స్వరకల్పన వంటి చోట్ల మన సంగీతం చేసే కట్టడం ఏదైతే ఉందో, దానికి ఈ ఆల్బమ్‌లో చోటు దొరకలేదు. పొరల మీద పొరలు పేర్చిన చెయ్యి బ్రూక్‌దేనని వింటే తెలిసిపోతుంది. ఎక్కడ ఆపాలి, ఎక్కడ తగ్గించాలి అన్న నిర్ణయాల్లో పాలకొల్లు వాటా తక్కువ. రెండోది, తాళం. నాలుగైదు చోట్ల ఆ లయ తొంభైల నాటి స్టూడియో వాసన కొడుతుంది. అప్పట్లో కొత్త, ఇప్పుడు పాత. మాండలిన్‌కు మాత్రం వయసు రాలేదు.

పోస్ట్ రాక్ అభిమానికి ఇంకో ఫిర్యాదు ఉండొచ్చు. ఆ సంగీతంలో సన్నటి నుంచి ఉరుముదాకా పెరిగే పద్ధతి ఒకటుందని చెప్పాను కదా. 'డ్రీమ్'లో ఉరుము లేదు. ఇది లోపమని నేననుకోను. మన ఆలాపన కూడా కింది షడ్జమం నుంచి మెట్టు మెట్టు ఎక్కి తారస్థాయికి వెళుతుంది. కాని గొంతు పెద్దది చేసి వెళ్లదు. స్థాయి పెరుగుతుంది, శబ్దం పెరగక్కర్లేదు. గిటార్ బృందాలు యాంప్లిఫైయర్ మీట తిప్పి సాధించే ఎత్తును మనవాళ్లు ఒక్క స్వరం పైకి పోయి సాధిస్తారు. ఈ విషయం తెలిసిన పోస్ట్ రాక్ బృందాలు తక్కువ. తెలిసి ఉంటే మరీ అంత చెవులు పగలగొట్టేవాళ్లు కారేమో.

ఈ కలయికకు దగ్గరి చుట్టాలు మనవైపు ఇంకా ఉన్నారు. ఇళయరాజా 1986లో 'హౌ టు నేమ్ ఇట్'లో త్యాగరాజునూ బాఖ్‌నూ ఒకచోట చేర్చినప్పుడు వయొలిన్ పట్టింది వి.ఎస్. నరసింహన్. ఆయనే 1993లో మద్రాస్ స్ట్రింగ్ క్వార్టెట్ పెట్టి, కర్ణాటక కృతులకు నాలుగు తంత్రీవాద్యాల అమరిక రాశారు. అది పూర్తిగా గది సంగీతం, ఎలక్ట్రిసిటీ లేదు. రెంటినీ వరసగా వింటే ఒక సంగతి తెలుస్తుంది. నరసింహన్ రాగం కింద పాశ్చాత్య స్వరమేళనం పరిచారు. పరిచినప్పుడల్లా రాగం ఒక వైపు లాగుతుంది, మేళనం ఇంకో వైపు. ఆ పెనుగులాటే అందులో అందం. 'డ్రీమ్'లో పెనుగులాట తక్కువ. ఎందుకంటే బ్రూక్ స్వరమేళనాలు మార్చుకుంటూ పోడు, ఒకే ఆధార శ్రుతి దగ్గర చాలాసేపు కూర్చుంటాడు. రాగానికి కావాల్సింది కూడా అదే. పశ్చిమ సంగీతంలో ఇన్ని రకాలుండగా మన సంగీతానికి సహజంగా దగ్గరయ్యేది సింఫనీ కాదు, జాజ్ కూడా పూర్తిగా కాదు, ఈ నిలిచిన నాదం మీద బతికే సంగీతమేనని నా నమ్మకం. అందుకు నాకు దొరికిన గట్టి సాక్ష్యం పాలకొల్లు మనిషి వాయించిన ఈ రికార్డు.

శ్రీనివాస్‌కు 1998లో పద్మశ్రీ వచ్చింది. తమ్ముడు యు. రాజేష్‌ను మాండలిన్‌లో తయారుచేశాడు. మెక్‌లాఫ్లిన్ 2008 నాటి 'ఫ్లోటింగ్ పాయింట్'లో రాజేష్ వాయింపు ఉంది. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో శ్రీనివాస్ పోయాడు. నలభై అయిదేళ్లు. ఆ వారమంతా పాలకొల్లు బాలుడు, పిన్న వయసు కచేరీలు అంటూ పత్రికలు రాశాయి. 'డ్రీమ్' ఊసు నాకు పెద్దగా కనబడలేదు.

వినాలనుకునేవాళ్లకు ఒక సలహా. ఆల్బమ్ ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. నేరుగా దాంట్లోకి దూకకండి. ముందు 'రామ శ్రీరామ'లో ఏదో ఒక ఆలాపన వినండి. స్వరం ఎంతసేపు బతుకుతోందో, పోతూ పోతూ ఏం చేస్తోందో చూడండి. అదే రోజు రాత్రి 'డ్రీమ్' పెట్టండి. ఫోను స్పీకరులో మాత్రం వద్దు, కింది నాదాలు వినబడక సగం ఆల్బమ్ పోతుంది. చెవిలో పెట్టుకునేవి ఉంటే మంచిది. మొదటి రచన నచ్చకపోయినా 'థింక్' దాకా ఉండండి. అది కూడా పట్టకపోతే మీ తప్పేం కాదు, రేచెల్స్ వాళ్ల 'మ్యూజిక్ ఫర్ ఈగాన్ షీలే' వెతికి వినండి. పియానో, వయోలా, చెల్లో మాత్రమే ఉంటాయి కాబట్టి చెవికి అలవాటవడం తేలిక. అక్కణ్ణుంచి వెనక్కి వచ్చి మళ్లీ మన శ్రీనివాస్‌ని పట్టుకోవచ్చు.